అమ్మకి కీళ్ళవాతం, తమ్ముడికి సోరియాసిస్, నాకు థైరాయిడ్. ఇవన్నీ ఒకే జబ్బా?

కృష్ణలంక_పద్మ | జూన్ 3, రాత్రి 9:14

అందరికీ నమస్తే. ఏడాదిగా ఇక్కడ చదివి వెళ్ళిపోవడమే తప్ప రాయడం ఇదే మొదలు.

మాది విజయవాడ. అమ్మకి 58 ఏళ్ళు. ఆరేళ్ళ కిందట రుమటాయిడ్ ఆర్థరైటిస్ (ఆర్‌ఏ) అని తేల్చారు. రక్తపరీక్షల్లో ఆర్‌ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ రెండూ పాజిటివ్. వారానికి ఒకసారి మెథోట్రెక్సేట్ 15 మి.గ్రా., రోజూ హెచ్‌సీక్యూ (హైడ్రాక్సీక్లోరోక్విన్), వాపులు రేగినప్పుడు కొన్నాళ్ళు వైసొలోన్ అనే స్టీరాయిడ్ మాత్ర. ఇప్పుడు పర్వాలేదు. ముగ్గు తనే వేసుకుంటుంది, చపాతీ పిండి మాత్రం నేనే కలుపుతాను.

తమ్ముడికి 33. ఎనిమిదేళ్ళుగా మోచేతుల మీద, తలలో సోరియాసిస్. సంక్రాంతి దాటాక కుడిచేతి చూపుడువేలు మొదలు నుంచి చివరిదాకా ఉబ్బిపోయింది. పొద్దున లేస్తే నడుం పట్టేసి గంటదాకా వంగలేడు. అంతా ఆఫీసు కుర్చీ వల్లేనని వాడి నమ్మకం.

నాకు 36. థైరాయిడ్ మాత్ర ఐదేళ్ళుగా వేసుకుంటున్నాను. ఈమధ్య నిద్ర లేవగానే వేళ్ళు బిగుసుకుని ఓ పావుగంటకి వదులవుతున్నాయి. కళ్ళలో ఇసుక పడ్డట్టు గరగర.

మా మేనత్తది ఒకటే మాట: "మీ అమ్మ వైపు రక్తంలోనే వాతం ఉందే. ఆవిడకి కీళ్ళలో తేలింది, వాడికి చర్మం మీద తేలింది, నీకు గొంతులో తేలింది." నవ్వుకున్నాను గానీ రాత్రి పడుకుంటే అదే ఆలోచన. నిజంగా ఇవన్నీ ఒకటేనా? ఒకటే అయితే అమ్మ మందులే తమ్ముడికీ పనిచేస్తాయా? వాడు ఆ మాటే అంటున్నాడు, "ఇంట్లో ఉన్న మందులకి మళ్ళీ డాక్టరు ఫీజెందుకు" అని.

రాజమండ్రి_టీచర్ | జూన్ 3, రాత్రి 9:41

పద్మగారూ, ముందు లేచి ఆ మాత్రల డబ్బా తమ్ముడికి అందని చోట పెట్టి రండి. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

పెట్టారా? సరే.

నాకు ఆర్‌ఏ వచ్చి పదకొండేళ్ళు. సుద్దముక్క పట్టుకోలేకపోవడంతో మొదలైంది. మొదట చూసిన ఎముకల డాక్టరు యూరిక్ యాసిడ్, ఏఎస్ఓ టెస్టులు రాసి, రెండూ బాగానే ఉన్నాయి, వయసు ప్రభావం అన్నారు. అప్పటికి నాకు 41. ఏఎస్ఓ అనేది గొంతునొప్పి తర్వాత పిల్లలకి వచ్చే రుమాటిక్ జ్వరం కోసం చూసే టెస్టు. ఆ జ్వరానికీ మన జబ్బుకీ పేరులో పోలిక తప్ప మరేం లేదని నాకు తెలిసేసరికి పద్నాలుగు నెలలు పోయాయి. కుడి మణికట్టు ఈరోజుకీ పూర్తిగా తిరగదు. అందుకే ఎవరు అడిగినా ముందు రుమటాలజిస్ట్ (కీళ్ళవాతం డాక్టరు) దగ్గరికి వెళ్ళమంటాను.

ఇక మీ తమ్ముడు. వెలుతురులో అతని గోళ్ళు చూడండి. సూదితో పొడిచినట్టు చిన్నచిన్న గుంటలున్నాయా? గోరు చివర లేచి కింద పసుపు రంగుకి తిరిగిందా? వేలు మొత్తం ఉబ్బడాన్ని ఇంగ్లీషు పుస్తకాల్లో సాసేజితో పోలుస్తారు. మా గోదావరి వాళ్ళకి చక్కెరకేళి అంటే చాలు. నా వేళ్ళెప్పుడూ అలా కాలేదు. నాకు వాచేది పిడికిలి బిగిస్తే పైకి తేలే కణుపులు, మధ్య కణుపులు, మణికట్లు, అది కూడా రెండు చేతులకీ జోడుగా. గోటి పక్కనుండే చివరి కణుపుని ఆర్‌ఏ సాధారణంగా ముట్టుకోదు. సోరియాసిస్‌తో వచ్చే కీళ్ళవాతం దాన్నీ వదలదు.

ఇందూరు_ఫిజీషియన్ | జూన్ 3, రాత్రి 11:05

నేను జనరల్ ఫిజీషియన్‌ని, రుమటాలజిస్ట్‌ని కాదు. మనిషిని చూడకుండా జబ్బు పేరు కూడా పెట్టను. అడిగిన ప్రశ్నకి మాత్రం జవాబు ఇస్తాను.

మీ మేనత్తగారి మాటలో సగం నిజముంది. శరీరాన్ని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థ సొంత కణజాలం మీదే పడటం ఈ మూడింటిలోనూ ఉంది. పడే చోటు వేరు. ఆర్‌ఏలో కీలు లోపలి పలచటి పొర వాచి, మందమై, పక్కనున్న మృదులాస్థినీ ఎముకనీ తినేస్తుంది. సోరియాసిస్ కీళ్ళవాతంలో తగాదా ఎక్కువగా కండరం ఎముకకి అతుక్కునే చోట మొదలవుతుంది. అందుకే మడమ వెనక, నడుం కింద, వేలు పొడవునా నొప్పి. హషిమోటో థైరాయిడ్‌లో గొంతు దగ్గరి గ్రంథి ఒక్కటే గురి.

దాయాదులు అనుకోండి. ఇంటిపేరు ఒకటే, కాపురాలు వేరు.

వంశం విషయానికొస్తే, ఆర్‌ఏలో బాగా తెలిసిన జన్యువు హెచ్‌ఎల్‌ఏ-డీఆర్‌బీ1. వెన్నుపూస బిగుసుకునే జబ్బులో హెచ్‌ఎల్‌ఏ-బీ27. కానీ జన్యువు ఉంటే జబ్బు రాసిపెట్టినట్టు కాదు. అచ్చం ఒకేలా ఉండే కవలల్లో ఒకరికి ఆర్‌ఏ వస్తే రెండోవారికి వచ్చే అవకాశం సుమారు 15 శాతమే. రక్తం ఒకటే అయినా మిగతా 85 మందికి రావడం లేదు కదా. అమ్మకి ఉందని పద్మగారు నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు. మామూలు వాళ్ళకంటే అవకాశం కాస్త ఎక్కువ, అంతే.

"ఒకటే జబ్బయితే ఒకటే మందు" అనే తర్కం ఎక్కడ తెగుతుందో ఒక ఉదాహరణ. టీఎన్ఎఫ్ అనే రసాయనం ఒంట్లో ఈ వాపుని రగిలించే పెద్ద దూత. దాన్ని అడ్డుకుంటే ఆర్‌ఏ తగ్గుతుందని లండన్‌లో రవీందర్ మైనీ, మార్క్ ఫెల్డ్‌మన్ 1992లో రోగుల మీద పరీక్షించడం మొదలుపెట్టారు. మైనీగారు పుట్టింది లూధియానాలో. ఆ మందు ఇన్‌ఫ్లిక్సిమాబ్‌కి అమెరికాలో అనుమతి ముందుగా వచ్చింది కీళ్ళకి కాదు, క్రోన్స్ అనే పేగుల జబ్బుకి, 1998లో. ఆర్‌ఏకి ఆ మరుసటేడు. ఇంతవరకూ మేనత్తగారి పక్షమే. కానీ అదే టీఎన్ఎఫ్‌ని ఇంకో తీరులో అడ్డుకునే ఎటానెర్‌సెప్ట్ కీళ్ళకి బాగా పనిచేసి, క్రోన్స్‌కి పనిచేయలేదు. ఇంటర్‌ల్యూకిన్-17 అనే ఇంకో దూతని ఆపే మందులు సోరియాసిస్‌కి అద్భుతం, ఆర్‌ఏకి అంతంతమాత్రం, క్రోన్స్ ఉన్నవాళ్ళకి ఎదురు తిరగొచ్చు.

పేరు పెట్టకుండా మందు పెట్టొద్దని మేం అనేది అందుకే.

పొలం_గట్టు | జూన్ 4, ఉదయం 5:50

ఇంత చదువు అక్కర్లేదండీ. ఇంగ్లీషు మందులు వేడి చేస్తాయి, లివరు పోతుంది. మా ఊరి దగ్గర ఒకాయన పొడి ఇస్తాడు, పొట్లం 300. మంచం మీదున్న మా మామయ్య మూడో రోజుకి లేచి నడిచాడు. నంబరు: [నిర్వాహకులు తొలగించారు]. లేదంటే పుత్తూరు కట్టు కట్టించండి.

నిర్వాహకుడు_2 | జూన్ 4, ఉదయం 7:10

ఫోను నంబర్లు, మందుల అమ్మకం ఇక్కడ కుదరదు. మిగతా అభిప్రాయం అలాగే ఉంచాను, జవాబులు వస్తాయని తెలుసు కాబట్టి.

తెనాలి_కోడలు | జూన్ 4, ఉదయం 7:32

జవాబు నేనే ఇస్తాను.

అన్నయ్యా, పుత్తూరు కట్టు విరిగిన ఎముకకి. ఇక్కడ ఎవరి ఎముకా విరగలేదు.

ఇక పొడి. మా అత్తగారు రెండేళ్ళు అలాంటి పొడే తిన్నారు. నిజమే, మూడో రోజుకి లేచారు. ఊరంతా తిరిగి ఆయన గురించి చెప్పారు. ఆరు నెలలకి ముఖం గుండ్రంగా ఉబ్బింది, "ఒళ్ళు చేసింది, ఆరోగ్యం వచ్చింది" అనుకున్నాం. చేతుల మీద చర్మం ఉల్లిపొరలా అయి, తగిలితే చాలు కమిలేది. ఎప్పుడూ లేని షుగరు 340కి వెళ్ళింది. పొడాయన ఊరెళ్ళి పది రోజులు దొరక్కపోతే వాంతులు, బీపీ పడిపోవడం, స్పృహ తప్పడం. ఐసీయూలో డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న "ఈవిడ స్టీరాయిడ్లు ఎన్నాళ్ళుగా వాడుతున్నారు?" అని. మేం ఒక్కటీ వాడలేదని ఒట్టేసి చెప్పాం. పొట్లం చూపించాక ఆయనే తల పట్టుకున్నారు.

బయటి నుంచి స్టీరాయిడ్ వస్తుంటే మన గ్రంథులు సొంతంగా చేసుకోవడం మానేస్తాయట. ఒక్కసారిగా ఆపితే ఒంట్లో ఏమీ ఉండదు. తగ్గిస్తూ ఆపాలి. పొడిలో ఎంత ఉందో తెలియనప్పుడు దేన్ని తగ్గిస్తాం?

ఇందూరు_ఫిజీషియన్ | జూన్ 4, ఉదయం 8:15

@తెనాలి_కోడలు మూడో రోజు లేచి నడవడం అనేది వైద్య చరిత్రలోనే ఉంది. 1948 సెప్టెంబరులో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ బృందం ఆర్‌ఏతో నడవలేని 29 ఏళ్ళ ఆవిడకి మొదటిసారి కార్టిసోన్ అనే స్టీరాయిడ్ ఇచ్చింది. కొన్ని రోజుల్లోనే ఆవిడ లేచి తిరిగింది. 1950లో నోబెల్ వచ్చింది. తర్వాత కొన్నేళ్ళలోనే ముఖం వాపు, ఎముకలు గుల్లబారడం, షుగరు అన్నీ బయటపడ్డాయి. ఇప్పుడు మేం వాడేది తక్కువ మోతాదులో, అసలు మందు పని మొదలుపెట్టేదాకా వంతెనలా.

హెంచ్‌కి ఆ ఆలోచన ఎలా వచ్చిందో చెప్పకుండా ఉండలేను. కామెర్లు వచ్చినప్పుడు, గర్భంతో ఉన్నప్పుడు కొందరు ఆర్‌ఏ రోగుల నొప్పులు తగ్గడం ఆయన గమనించాడు. శరీరమే ఏదో తయారు చేస్తోందని పట్టుకున్నాడు. గర్భంతో ఉండగా తగ్గి, కాన్పయ్యాక మళ్ళీ రేగడం మేం ఇప్పటికీ చూస్తూనే ఉంటాం.

భీమవరం_బుల్లోడు | జూన్ 4, మధ్యాహ్నం 1:20

అంశం నుంచి కొంచెం పక్కకి, క్షమించాలి. ఇంతమంది మెథోట్రెక్సేట్ అంటున్నారు, ఒక్కరూ మా ఊరి పేరు ఎత్తలేదు!

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరంలో పుట్టారు. సొంత సోదరుణ్ణి స్ప్రూ అనే పేగుల జబ్బు తీసుకుపోయింది. అమెరికా వెళ్ళి, చివరికి న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధన నడిపారు. స్ప్రూ రక్తహీనతకి పనికొచ్చే ఫోలిక్ యాసిడ్‌ని ప్రయోగశాలలో తయారు చేసింది ఆయన బృందమే. తర్వాత ఆ ఫోలిక్ యాసిడ్‌కే శత్రువుల్లాంటి మందులు చేశారు: ముందు అమినోప్టెరిన్, వెనకే మెథోట్రెక్సేట్. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అమినోప్టెరిన్‌ని పిల్లల రక్త క్యాన్సర్‌కి వాడి 1948లో ఫలితాలు ప్రకటించారు. అదే ఏడు ఆగస్టులో సుబ్బారావుగారు పోయారు.

1951లో న్యూయార్క్‌లో గబ్నర్ అనే డాక్టరు అమినోప్టెరిన్‌ని కీళ్ళవాతం వాళ్ళకి ఇచ్చి చూశారు. వాళ్ళలో సోరియాసిస్ ఉన్నవాళ్ళకి చర్మం మీది మచ్చలు కూడా మాయమవడం కనిపించింది. పద్మగారి అమ్మ, తమ్ముడు ఇద్దరి కథా ఒకే పరిశోధన పత్రంలో ఉందన్నమాట. అయినా కార్టిసోన్ మోజులో దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. అమెరికాలో ఆర్‌ఏకి మెథోట్రెక్సేట్ అనుమతి 1988కి గానీ రాలేదు.

మీ అమ్మగారు వారంలో ఒకరోజు మెథోట్రెక్సేట్, వేరే రోజు ఫోలిక్ యాసిడ్ వేసుకుంటారు కదా. విషమూ విరుగుడూ రెండూ ఒక్క తెలుగాయన ప్రయోగశాల నుంచే. మా వీధిలో సగంమందికి ఈ సంగతి తెలియదు, నాకు కడుపుమంట.

రాజమండ్రి_టీచర్ | జూన్ 4, మధ్యాహ్నం 1:48

బుల్లోడుగారూ, పదకొండేళ్ళుగా మింగుతున్నాను, ఈ సంగతి ఈరోజు తెలిసింది. రేపు క్లాసులో చెబుతాను.

ఆదివారం_మాత్ర | జూన్ 4, రాత్రి 8:30

నా పేరు చూస్తే అర్థమవుతుంది నేనెందుకు వచ్చానో.

మా నాన్నకి కొత్తగా ఆర్‌ఏ తేలినప్పుడు చీటీలో మెథోట్రెక్సేట్ వారానికోసారి అని ఇంగ్లీషులో రాశారు. మందుల షాపు కుర్రాడు మిగతా మాత్రలతో పాటు కవరు మీద "1-0-0" అని గీసిచ్చాడు. నాన్న క్రమశిక్షణ గల మనిషి, ఆర్టీసీలో ముప్ఫై ఏళ్ళు చేశారు. రోజూ పొద్దున్నే ఒకటి, తొమ్మిది రోజులు. ఆరో రోజుకే నోరంతా పుళ్ళు, మంచినీళ్ళు కూడా మింగలేకపోయారు. వేడి చేసిందని సగ్గుబియ్యం జావ ఇచ్చాం. పదో రోజు జ్వరం, తెల్ల రక్తకణాలు వెయ్యి లోపు, ప్లేట్‌లెట్లు పడిపోయాయి. పదిహేను రోజులు ఆసుపత్రిలో, లూకోవొరిన్ అనే విరుగుడు ఇంజెక్షన్లతో బయటపడ్డారు. అందరూ ఇలా బయటపడరని డిశ్చార్జి రోజు చెప్పారు.

ఈ మందుతో ప్రాణాల మీదికి తెచ్చే పొరపాటు ఇదే. పద్మగారి తమ్ముడు "ఇంట్లో ఉన్నాయిగా" అన్నాడని చదవగానే నా గుండె జారింది. అతనికి ఇది వారం మందని తెలుసా?

కృష్ణలంక_పద్మ | జూన్ 5, ఉదయం 6:20

మీ అందరికీ ఏం చెప్పాలో తెలియడం లేదు. నిన్న రాత్రి తమ్ముణ్ణి కూర్చోబెట్టి ఈ చర్చంతా చదివించాను. ఆదివారంగారి మెసేజ్ దగ్గర ఆగిపోయి, నెమ్మదిగా బయటపెట్టాడు.

మెథోట్రెక్సేట్ ముట్టుకోలేదట, "క్యాన్సర్ మందు" అని గూగుల్‌లో చూసి భయపడ్డాడట. కానీ అమ్మ వైసొలోన్ 10 స్ట్రిప్ లోంచి మే నెలలో పన్నెండు రోజులు వేసుకున్నాడట. వేలు వాపు తగ్గిందని సంబరపడి, స్ట్రిప్ అయిపోగానే ఆపేశాడు. ఇప్పుడు మోచేతుల మీద ఉన్నది వీపుకి పాకింది. అది ఎండల వల్లే అనుకుంటున్నాం ఇన్నాళ్ళూ.

గోళ్ళు చూశాను టీచర్‌గారూ. గుంటలు ఉన్నాయి. రెండు చేతుల్లో ఆరు గోళ్ళకి.

ఇందూరు_ఫిజీషియన్ | జూన్ 5, ఉదయం 7:02

అతనికి జ్వరం ఉందా? మచ్చల మీద చీముపొక్కులు వచ్చాయా? వస్తే ఈరోజే, ఇప్పుడే ఆసుపత్రికి.

కారణం చెబుతాను. ఆర్‌ఏలో వైసొలోన్ కొన్నాళ్ళు ఇచ్చి తగ్గించడం మామూలే. సోరియాసిస్‌లో నోటి స్టీరాయిడ్ వేసి హఠాత్తుగా ఆపితే జబ్బు రెట్టింపుగా రేగొచ్చు, కొందరిలో ఒళ్ళంతా చీముపొక్కుల రకంగా మారొచ్చు. అది ప్రమాదం. మీ అమ్మగారు వేసుకునే హెచ్‌సీక్యూ కూడా కొందరిలో సోరియాసిస్‌ని రేపుతుందని మేం జాగ్రత్తపడతాం. ఒకే డబ్బాలో మాత్రలు, అమ్మకి మేలు, కొడుక్కి కీడు. నేను మొన్న టీఎన్ఎఫ్ అంటూ చెప్పినదానికంటే మీ ఇంట్లో జరిగిందే మంచి ఉదాహరణ.

కృష్ణలంక_పద్మ | జూన్ 5, ఉదయం 7:25

జ్వరం లేదు, పొక్కులు లేవు, ఎర్రటి పొట్టు మచ్చలే. ఇవాళే చర్మం డాక్టరుకి చూపిస్తాం. రుమటాలజిస్ట్ అపాయింట్‌మెంట్ 14న దొరికింది.

కడప_నజీర్ | జూన్ 5, రాత్రి 10:10

పద్మక్కా, ఇంకో కోణం. వేళ్ళు వాచినవన్నీ ఈ కోవలోవే అనుకోవద్దు. 2006లో మా వైపు చికున్‌గున్యా ఎలా వచ్చిందో గుర్తున్నవాళ్ళకి తెలుసు, ఇంటికి ఇద్దరు మంచం ఎక్కారు. జ్వరం వారంలో పోయింది, మా అమ్మీకి వేళ్ళు, మణికట్లు, చీలమండలు ఏడాదిన్నర వాచాయి. రెండు చేతులకీ జోడుగా, పొద్దున బిగుసుకుపోయి, అచ్చం టీచర్‌గారు చెప్పినట్టే. ఒకచోట ఆర్‌ఏ అని మందులు మొదలుపెట్టారు. తర్వాత యాంటీ సీసీపీ నెగెటివ్ వచ్చింది, మెల్లగా దానంతటదే తగ్గింది. కాబట్టి మొదలయ్యే ముందు జ్వరం ఏదైనా వచ్చిందా అన్నది డాక్టరుకి తప్పకుండా చెప్పండి. వాళ్ళు అడగడం మర్చిపోయినా మీరు చెప్పండి.

సిక్కోలు_చిన్నది | జూన్ 6, మధ్యాహ్నం 3:40

మా అమ్మమ్మకి ఆర్‌ఏ తేలినప్పుడు విశాఖలో డాక్టరుగారు అడిగిన ప్రశ్న: "పొగ తాగుతారా?" ఆడమనిషిని ఇలా అడుగుతారేంటని మావయ్య ముఖం మాడ్చుకున్నాడు. అమ్మమ్మ మాత్రం "అడ్డపొగ" అంది ధీమాగా. మా శ్రీకాకుళం వైపు తెలిసిన సంగతే, చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగుతారు, నలభై ఏళ్ళ అలవాటు ఆవిడది. జన్యువు ఉన్నవాళ్ళలో యాంటీ సీసీపీ రకం ఆర్‌ఏకి పొగ పెద్ద ప్రేరణట. ఊపిరితిత్తుల్లో, పాడైన చిగుళ్ళలో ప్రోటీన్లు కొంచెం మారిపోతాయి, వాటిని శరీరం పరాయివనుకుని యాంటీబాడీలు చేస్తుంది, అవి కీళ్ళ నొప్పికి ఏళ్ళ ముందే రక్తంలో ఉంటాయి అని బొమ్మ గీసి చెప్పారు. అమ్మమ్మ మానలేదు. చుట్టలు నాలుగు నుంచి రెండుకి దించింది, అదీ మనవరాలి మొహం చూసి.

డాలస్_వాసు | జూన్ 6, రాత్రి 11:55

ఫిజీషియన్‌గారు చెప్పిన "ఎదురు తిరగడం" నా ఒంటి మీద జరిగింది. నాకు హెచ్‌ఎల్‌ఏ-బీ27 పాజిటివ్, వెన్నుపూస వాతం. ఇక్కడ ఒక డాక్టరు ఇంటర్‌ల్యూకిన్-17 ఇంజెక్షన్ మొదలుపెట్టారు. నడుం హాయిగా ఉంది. మూడో నెలకి రోజుకి ఎనిమిదిసార్లు విరేచనాలు, రక్తం. కొలనోస్కోపీ చేస్తే క్రోన్స్. అంతకుముందు కూడా కడుపు గడబిడ ఉండేది, అమెరికా తిండి అనుకుని ఎవరికీ చెప్పలేదు. నా తప్పే అది. టీఎన్ఎఫ్‌ని ఆపే అడాలిముమాబ్‌కి మార్చాక పేగులు, నడుం రెండూ దారికొచ్చాయి.

ఖరీదు గురించి: అడాలిముమాబ్‌కి మొట్టమొదటి బయోసిమిలర్ (దానికి దాదాపు సమానమైన వేరే కంపెనీ మందు) ప్రపంచంలోనే ముందుగా ఇండియాలో, 2014 చివర్లో వచ్చింది. ఇక్కడ నా ఇన్సూరెన్సు కట్టే బిల్లు చూస్తే మనవాళ్ళ ధర ఎంతో నయం, అయినా మధ్యతరగతికి బరువే.

హన్మకొండ_స్వప్న | జూన్ 7, ఉదయం 9:05

బయోలాజిక్ దాకా, అంటే టీఎన్ఎఫ్ లాంటివాటిని ఆపే ఇంజెక్షన్ల దాకా వెళ్తే ఒక మాట గుర్తుంచుకోండి. మన దేశంలో చాలామంది ఒంట్లో టీబీ నిద్రపోతూ ఉంటుంది. టీఎన్ఎఫ్‌ని ఆపితే అది లేస్తుంది. నాకు ఛాతీ ఎక్స్‌రే బాగుంది, రక్తపరీక్షలో మాత్రం దాగున్న టీబీ పాజిటివ్. ముందు ఒక నెల టీబీ మాత్రలు వేసి, ఆ తర్వాతే ఇంజెక్షన్ మొదలుపెట్టారు. హెపటైటిస్ బీ, సీ కూడా చూశారు. ఇన్ని టెస్టులెందుకని నేనే గొడవపడ్డాను, ఇప్పుడు సిగ్గేస్తుంది.

తర్వాత టోఫాసిటినిబ్ మాత్రలకి మారాను, మన దగ్గర జెనెరిక్ చవక. నడుం చుట్టూ అక్కి లేచింది. మా అత్తమ్మ కుమ్మరాయనతో అక్కి రాయించుకో అంది. రాయించుకున్న, ఆమె తృప్తి కోసం. మూడు రోజుల్లోపు యాంటీవైరల్ మాత్రలు కూడా మొదలుపెట్టిన, నా తృప్తి కోసం.

కృష్ణలంక_పద్మ | జూన్ 7, రాత్రి 9:30

ఇంత సమాచారం! ఫిజీషియన్‌గారూ, నా వేళ్ళ సంగతి ఎవరూ అనలేదు. నేను మూడోదాన్ని :)

ఇందూరు_ఫిజీషియన్ | జూన్ 7, రాత్రి 10:48

మర్చిపోలేదు. పావుగంటలో వదిలే బిగుతు, వాపు లేకపోతే, సాధారణంగా ఆర్‌ఏ కంటే వేరే కారణాలవైపే చూపిస్తుంది. ఆర్‌ఏ బిగుతు అరగంట, గంట దాటుతుంది, పని చేసేకొద్దీ వదులవుతుంది. థైరాయిడ్ మోతాదు సరిపోకపోయినా వేళ్ళు బిగుసుకుంటాయి, ముందు టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్ష చేయించండి.

నన్ను ఆలోచింపజేసింది మీ కళ్ళు. నోరు కూడా ఎండుతోందా? అన్నం ముద్ద నీళ్ళు లేకుండా దిగడం లేదా? కన్నీళ్ళు, లాలాజలం తయారు చేసే గ్రంథుల మీద పడే షోగ్రెన్స్ అనే ఇంకో దాయాది ఉంది. థైరాయిడ్‌తోనూ కనిపిస్తుంది, ఆర్‌ఏతోనూ కనిపిస్తుంది. ఇంకో చిక్కు, షోగ్రెన్స్‌లో కూడా ఆర్‌ఏ ఫ్యాక్టర్ పాజిటివ్ వస్తుంది. హెపటైటిస్ సీలో వస్తుంది, ఏ జబ్బూ లేని కొందరు పెద్దవాళ్ళలోనూ వస్తుంది. అలాగే ఆర్‌ఏ ఉన్నవాళ్ళలో నూటికి ఇరవై ముప్ఫై మందికి అది నెగెటివే. ఆ ఒక్క కాగితం పట్టుకుని ఏదీ తేల్చుకోవద్దు. ఏఎన్ఏ, యాంటీ-రో అనే యాంటీబాడీ రక్తపరీక్షలు అడిగి చేయించుకోండి. మళ్ళీ పిల్లల ఆలోచన ఉంటే యాంటీ-రో సంగతి ముందే తెలియడం మంచిది, కడుపులో బిడ్డ గుండె లయ మీద దాని ప్రభావం ఉండొచ్చు.

అమ్మగారికి ఏడాదికోసారి కంటి రెటీనా పరీక్ష చేయిస్తున్నారా, హెచ్‌సీక్యూ కదా? దగ్గు, ఆయాసం ఉంటే వయసని వదిలేయకండి. ఆర్‌ఏ ఊపిరితిత్తులకీ వెళ్తుంది. గుండె జబ్బు ముప్పు కూడా ఒకటిన్నర రెట్లు, కాబట్టి బీపీ, కొలెస్ట్రాల్ కీళ్ళ డాక్టరు చూసుకుంటారులే అనుకోవద్దు.

కృష్ణలంక_పద్మ | జూన్ 26, రాత్రి 8:05

చెప్పిన మాట ప్రకారం వచ్చి రాస్తున్నాను.

తమ్ముడికి సోరియాటిక్ ఆర్థరైటిస్ అని చెప్పారు. ఆర్‌ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ రెండూ నెగెటివ్. నడుం కింద కీళ్ళకి ఎమ్మారై రాశారు, వచ్చే వారం. చర్మం డాక్టరు, ఈ డాక్టరు ఫోనులో మాట్లాడుకుని మందు రాశారు. ఏం మందో ఊహించండి. మెథోట్రెక్సేట్!

వాడు అప్పటినుంచీ ఇల్లు పీకి పందిరేస్తున్నాడు. "నేను చెప్పిందేగా, అమ్మ మందే కదా, మూడు వారాలు నన్ను తిట్టించావు" అని. డాక్టరుగారికి వైసొలోన్ కథ చెబితే మాత్రం ఆయన వాణ్ణి తిట్టిన తిట్లు అమ్మ కూడా ఎప్పుడూ తిట్టలేదు. లివరు స్కాన్‌లో కొవ్వు ఉందట, మద్యం ముట్టనని మాటిస్తేనే ఈ మాత్ర అన్నారు. వెన్నుపూసలో మంట తేలితే ఇది సరిపోదు, ఇది వేళ్ళకీ చర్మానికే, నడుముకి వేరే ఆలోచించాలి అన్నారు.

నాకు టీఎస్‌హెచ్ 11 వచ్చింది, మాత్ర మోతాదు పెంచారు. యాంటీ సీసీపీ నెగెటివ్. యాంటీ-రో రిపోర్టు ఇంకా రాలేదు.

అమ్మ శనివారం ఒంటిపూట ఉంటుంది, ఆ రాత్రి ఫలహారమయ్యాక తన మాత్ర. ఆరేళ్ళలో ఒక్కసారీ తప్పలేదు. వాడికి గురువారం పెట్టాం, కలవకుండా. రెండు డబ్బాలు కొన్నాను, అమ్మదానికి ఎర్ర రిబ్బను, వాడిదానికి నీలం.

భీమవరం_బుల్లోడు | జూన్ 26, రాత్రి 8:21

ఇంట్లో ఇద్దరు మా సుబ్బారావుగారి ఖాతాదారులు!

ఆదివారం_మాత్ర | జూన్ 26, రాత్రి 8:44

రిబ్బను ఊడిపోతుంది పద్మగారూ. డబ్బాలోంచి స్ట్రిప్ తీసి పక్కన పెడితే ఎవరిదో తెలియదు. స్కెచ్ పెన్నుతో స్ట్రిప్ వెనకే పేరు, వారం రాయండి. "గురువారం మాత్రమే" అని. ప్రతి నెలా కొత్త స్ట్రిప్ కొన్న రోజే.